ఇంటూలు లేని పేజీ

యూనీస్‌కు అన్నింటికంటే ఎక్కువ భయం దగ్గంటే. చావు గురించి కూడా ఆమె అంతగా తలుచుకోదు. చావు ఎప్పుడో ఒకనాడు వస్తుంది, దగ్గు చెంచా చెంచాకూ వస్తుంది. భర్త ప్రేమ్‌రాజ్ గొంతులో గరగర మొదలుకాగానే ఆమె లేచి నిలబడుతుంది. ఆపరేషన్ తర్వాత మొదటిసారి అలా దగ్గు వచ్చినప్పుడు అతని పెదవులు నేరేడుపండు రంగుకు తిరగడం, నర్సు పరుగెత్తుకొచ్చి గొంతులోకి సన్నటి గొట్టం దించి పీల్చడం ఆమె కళ్లారా చూసింది. ఆ రోజు గ్లాసులో ఉన్నవి మూడు గుక్కల కొబ్బరినీళ్లు. ఎవరూ చెప్పకుండా, నోరు ఎండిపోయింది పాపమని తాగించింది తనే.

అది జరిగి మూడు వారాలైంది. రెండువేల ఒకటో సంవత్సరం, ఆగస్టు నెల. దవాఖాన నాంపల్లి స్టేషన్ వెనక వీధిలో ఉంది. రెండో అంతస్తులో మగవాళ్ల వార్డు కిటికీ తీస్తే ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నదో మంచం మీది నుంచే వినొచ్చు. ప్రేమ్‌రాజ్ ఎడమ చెంపలో క్యాన్సర్ పుండు తీసినప్పుడు దవడ ఎముక సగమూ, నాలుక అంచూ దానితో పాటే పోయాయి. ఛాతీ మీది కండను చర్మంతో సహా పైకి తిప్పి, దాన్నే చెంపగా కుట్టారు. డాక్టర్లు రోజూ వచ్చి ఆ చెంపను వేలితో నొక్కి, వేలు తీశాక రంగు తిరిగి రావడం చూసి సంతోషించేవారు. చెంప బతికింది. కానీ ఛాతీ మీద పుట్టిన కండకు మింగడం ఏం తెలుసు? అన్నం ముద్దను అటు నెట్టాలో ఇటు నెట్టాలో తెలియక అది ఊరికే ఉంటుంది. లోపలి వైపు నాలుగు వెంట్రుకలు కూడా మొలిచాయి.

ముక్కులో నుంచి పొట్టలోకి గొట్టం ఉంది. గుడ్డతో వడగట్టిన జావ, పాలు, గిలకొట్టిన గుడ్డు అన్నీ అందులోంచే. పెద్ద డాక్టర్ రౌండ్లకు వచ్చినప్పుడు మాట తేల్చి చెప్పాడు. నెలాఖరులోపల నోటితో తినగలిగితే ముక్కు గొట్టం తీసి ఇంటికి పంపిస్తారు. లేదంటే పొట్టకు రంధ్రం చేసి అక్కడ గొట్టం పెడతారు, అది ఎన్నాళ్లుంటుందో చెప్పలేరు. చాదర్‌ఘాట్ కిరాయి ఇంట్లో, యూనీస్ తల్లి మాబెల్ దగ్గర, మూడేళ్ల కూతురు జెర్లిన్ ఉంది. డాడీ ముక్కుకు తోక ఎందుకు పెట్టారని ఆ పిల్ల చూసిన ప్రతిసారీ అడుగుతుంది.

మింగడం నేర్పడానికి సోమవారం, గురువారం నళిని మేడం వచ్చేది. విజయవాడ వైపు మనిషి, ముప్పై ఏళ్లుంటాయి, గొంతు పెంచి మాట్లాడదు. మొదటి రోజే ఆమె చెప్పిన మాట యూనీస్‌కు నమ్మబుద్ధి కాలేదు. నీళ్లలాంటివి ప్రమాదమట, చిక్కటివే మేలట. తను అప్పటిదాకా జావ పల్చగా ఉంటే గొట్టంలో సులువుగా దిగుతుందని నీళ్లు కలుపుతూ వచ్చింది. రాగిజావ చెంచా వంచితే ధార కట్టకూడదు, ముద్దలా జారి పడాలని మేడం చెంచాతో చూపించింది. తల కుడివైపుకు, మంచి చెంప వైపుకు వంచాలి. అరచెంచా అటు పెట్టాలి. గడ్డం ఛాతీకి ఆనించి, ఊపిరి బిగబట్టి, మింగి, మళ్లీ ఊపిరి పీల్చకముందే ఒకసారి దగ్గి, మళ్లీ ఒకసారి మింగాలి.

ఊపిరి బిగబట్టడంలో ప్రేమ్‌రాజ్‌కు నేర్పాల్సింది ఏమీ లేకపోయింది. మేడం ఆశ్చర్యపోయి, ఇంత బాగా పట్టేవాళ్లను నేను చూడలేదంది. యూనీస్ గర్వంగా నవ్వింది. అబిడ్స్‌లో ఒక మెట్ల కింద, తలుపు తీస్తే మనిషి మోకాళ్లు బయటికి వచ్చేంత డబ్బాలో, పదమూడేళ్లుగా అతను గడియారాలు బాగు చేస్తున్నాడు. మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బా తీసుకుని వెళితే, కంటికి అద్దం బిగించుకుని చిమటా మొనల మధ్య ఏదో పట్టుకుని, మాట్లాడొద్దన్నట్టు చిటికెన వేలు ఎత్తేవాడు. ఆవగింజలో సగం లేని మర. ఊపిరి తగిలితే చాలు, ఎగిరి ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి. డబ్బాలో పొగ తాగితే అద్దాలకు మసి పడుతుందని, నోట్లో గుట్కా పొట్లం వేసుకోవడం కూడా అక్కడే అలవాటైంది.

వెళ్లేముందు మేడం ఒక నోట్‌బుక్ ఇచ్చి, పూటకు ఎన్ని చెంచాలు తిన్నాడో, ఎన్నిసార్లు దగ్గాడో దాయకుండా రాయమంది. తనకు మైసూరులో ట్రైనింగ్ ఉంది, పది రోజులు రానని చెప్పింది.

యూనీస్ చదువు పదో తరగతిలో ఆగింది. హాల్ టికెట్ వచ్చాక, పరీక్షలకు వారం ముందు పెళ్లయింది. చేతికి నోట్‌బుక్ రాగానే ఆమె స్కేలుతో గళ్లు కొట్టింది. దగ్గకుండా మింగిన చెంచాకు రైటు, దగ్గు తన్నుకొచ్చిన చెంచాకు ఇంటూ. అలా వేయమని మేడం చెప్పలేదు. కానీ రాసి చూపించాల్సిన నోట్‌బుక్‌కు ఇంకో పద్ధతి ఉంటుందని యూనీస్‌కు తట్టలేదు. మొదటి రోజు పన్నెండు చెంచాలకు తొమ్మిది ఇంటూలు పడ్డాయి. ఆమె ఆ పేజీని ఎవరికీ కనబడకుండా దిండు కింద పెట్టింది.

పక్క మంచం దుర్గయ్యది. ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం గోదాములో హమాలీ. ఆయనకూ అదే ఆపరేషన్, కుడి చెంపకు. భార్య సమ్మక్క అదే గోదాములో పప్పులు చెరిగేది. ఆమెకు నోరు ఊరుకోదు. మొదటి పేజీ చూసి, ఇవేంది బిడ్డా ముగ్గులా, అంది. యూనీస్ విడమర్చి చెప్పాక తనకూ ఒక కాగితం గీసి ఇమ్మని పట్టుబట్టింది. చదువు రాకపోయినా గీతలు పెట్టడం రాదా అని ఆమె వాదన. అప్పటి నుంచి రెండు మంచాల మధ్య పోటీ మొదలైంది. దుర్గయ్య దగ్గు మామూలుది కాదు, ఇరవై ఏళ్ల మూటల దుమ్ము అందులో ఉంది. ఆయన దగ్గితే మూడో మంచం మనిషి లేచి కూర్చునేవాడు. సమ్మక్క మొగుడి వీపు మీద ఒకటి చరిచి, గోడకు అంటించిన కాగితం మీద ఇంటూ పెట్టేది.

“సూడు గా గడియారాలాయన్ని. నీ తీర్గనే కోసిన్రు గదా ఆయనను గుడ. కిక్కుమంటుండా?” అనేది.

నిజమే, ప్రేమ్‌రాజ్ రోజురోజుకూ నిశ్శబ్దమవుతున్నాడు. మూడో రోజుకు ఇంటూలు ఐదుకు దిగాయి. ఐదో రోజుకు రెండు. ఇంటూ పడ్డప్పుడల్లా యూనీస్ లేచి నిలబడేది, గిన్నె దూరంగా పెట్టేది, తువ్వాలుతో అతని మూతి తుడిచి, ఆ చెంచాకు బదులు అంత జావ పల్చన చేసి ముక్కు గొట్టంలో పోసేది. ఆ పోసేటప్పుడు ఆమె చేతులు వణికేవి, జావ సిరంజి అంచు మీదుగా దుప్పటి మీద పడేది. ప్రేమ్‌రాజ్ ఆ మరకను చూసేవాడు, ఆమె ముఖాన్ని చూసేవాడు. మాట ఇంకా ముద్దగా వస్తున్నందున ఎక్కువ మాట్లాడడు. అవసరమైతే జెర్లిన్ పలక మీద రాస్తాడు. ఆ రోజుల్లో ఏమీ రాయలేదు.

ఏడో రోజు పేజీలో ఒక్క ఇంటూ లేదు. మూడు పూటలు, పూటకు పదిహేను చెంచాలు, అన్నీ రైట్లే. యూనీస్ ఆ పేజీని తెరిచి మంచం మీదే పెట్టింది, వచ్చేపోయే నర్సులకు కనబడేలా. చర్చి నుంచి ప్రార్థన చేయడానికి వచ్చిన ఆడవాళ్లకు చూపించింది. వాళ్లు ప్రభువుకు స్తోత్రం చెప్పారు. సమ్మక్కకు అసూయ పుట్టి, ఆయన ఏం చేస్తున్నాడో జర చెప్పు బిడ్డా అని బతిమాలింది. యూనీస్‌కు ఏం తెలుసు? తను చూసిందే చెప్పింది. చెంచా పెట్టగానే కళ్లు మూసుకుంటాడు. దగ్గు వచ్చినట్టుంటే పెదవులు బిగించి, మంచం అంచు పట్టుకుని, అది పోయేదాకా కదలడు. అంతే.

దుర్గయ్య రెండు రోజుల్లో అది నేర్చుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగేవి, మెడ మీద నరం లేచేది, కానీ దగ్గేవాడు కాదు. సమ్మక్క కాగితం మీద ఇంటూలు పోయాయి. శనివారం రౌండ్లకు వచ్చిన చిన్న డాక్టర్ ఆ కాగితం చూసి, శభాష్ తాతా అన్నాడు. అప్పటికే బయట వరండాలో ఒకతను మంచం కోసం చాప మీద పడుకుని ఎదురుచూస్తున్నాడు. మధ్యాహ్నానికి దుర్గయ్య ముక్కు గొట్టం తీసేశారు, సాయంత్రానికి చీటీ రాసి పంపించారు. పోయేముందు సమ్మక్క యూనీస్ తల మీద చెయ్యి పెట్టింది.

“నీ పుణ్యాన బయటవడ్డం బిడ్డా. నువ్వు సల్లగుండాలె.”

యూనీస్ వాళ్ల మూట మెట్ల దాకా మోసింది. ఇక సోమవారం నళిని మేడం వస్తే తమ వంతు.

సోమవారం మేడం పదిన్నరకు వచ్చింది. యూనీస్ పొద్దున్నే తల దువ్వుకుని, ప్రేమ్‌రాజ్‌కు ఉతికిన చొక్కా తొడిగి, నోట్‌బుక్‌ను రెండు చేతులతో అందించింది. మేడం నిలబడే పేజీలు తిప్పింది. మొదటి పేజీలు తిప్పుతున్నప్పుడు ఆమె ముఖం మామూలుగానే ఉంది. చివరి నాలుగు పేజీల దగ్గర ఆగింది. వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తిప్పి, స్టూలు లాక్కుని కూర్చుంది.

“ఈ పేజీలు నాకు నచ్చలేదమ్మా,” అంది.

యూనీస్‌కు అర్థం కాలేదు. తొమ్మిది ఇంటూల పేజీ గురించి అంటున్నదేమోనని, అవి మొదట్లోవి మేడం, ఇప్పుడు మొత్తం బంద్ అయినయి అని చెప్పింది. మేడం జావ గిన్నె తెమ్మంది. తనే అరచెంచా పెట్టింది. ప్రేమ్‌రాజ్ కళ్లు మూసుకున్నాడు, గడ్డం ఆనించాడు, ఊపిరి బిగబట్టాడు, మింగాడు. కణత మీద నరం ఒకసారి ఎగిరింది. పెదవులు బిగుసుకున్నాయి. తర్వాత గొంతు చివర, మర్యాద కోసం చేసినట్టు, చిన్న ఖంగు. మేడం స్టెతస్కోపు అతని మెడ మీద పెట్టి, ఆ అనమంది. అతను ఆ అన్నాడు.

ఆమె స్టెతస్కోపు తీసి యూనీస్ చెవులకు పెట్టింది. మళ్లీ ఆ అనమంది.

బిందె అడుగున కాసిని నీళ్లుండగా అందులోకి మాట్లాడినట్టు వినబడింది.

మేడం మెల్లగా, పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. మింగినదాంట్లో కొంత దారి తప్పి ఊపిరితిత్తుల వైపు పోతోంది. పోవడం వింతకాదు, కొత్త చెంప, సగం నాలుక, నేర్చుకునేదాకా పోతూనే ఉంటుంది. పోయినదాన్ని బయటికి తోసేది దగ్గు ఒక్కటే. దగ్గు అతని కాపలా మనిషి. ఈయన ఆ కాపలా మనిషి నోరు నొక్కేశాడు. నాలుగు రోజులుగా సాయంత్రం ఒళ్లు వెచ్చబడుతోందా అని అడిగింది. యూనీస్ తలూపింది. వానకాలం కదా, వార్డంతా వెచ్చగానే ఉంటుందని అనుకుంది తను.

ఎక్స్‌రే మధ్యాహ్నానికి వచ్చింది. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో అరచేతంత మబ్బు. నోటి తిండి నాలుగు రోజులు బంద్ చేసి, ఇంజెక్షన్లు రాశారు. నెలాఖరు మాట మార్చమని పెద్ద డాక్టర్‌ను తాను అడుగుతానని, ఇంకో రెండు వారాలు ఇప్పించే ప్రయత్నం చేస్తానని మేడం అంది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది యూనీస్‌కు.

మేడం వెళ్లాక ఆమె స్టూలు మంచం దగ్గరికి లాక్కుని కూర్చుంది. తర్వాత అడిగింది.

“దగ్గు వస్తుండెనా, జెర్లిన్ డాడీ? అన్ని దినాలు వస్తనే ఉండెనా?”

అతను తలూపాడు. ఆమె బాత్రూముకో, కింద ఫ్లాస్కులో వేడినీళ్లు తేవడానికో పోయినప్పుడు తువ్వాలు నోట్లో కుక్కుకుని దగ్గేవాడినని చేత్తో చూపించాడు. తర్వాత పలక అందుకున్నాడు. గడియారాల వెనక పేర్లు చెక్కే చెయ్యి, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి.

‘నేను దగ్గితే నువ్వు లేస్తవు. నీ చేతులు వణుకుతయి. మర మీద ఊపిరి పడొద్దని పదమూడేండ్లు దగ్గు ఆపుకున్న. ఇది గుడ ఆపుకోవచ్చనుకున్న.’

యూనీస్ చదివి, పలకను కొంగుతో తుడిచింది. తుడిచాక, తుడవకుండా ఉంటే బాగుండేదని అనుకుంది.

నాలుగు రోజుల తర్వాత, శుక్రవారం, జ్వరం లేదు. మేడం గురువారం చెప్పిపోయినట్టు ఉదయం నుంచి మళ్లీ ఐదు చెంచాలతో మొదలుపెట్టాలి. యూనీస్ జావ ముద్దగా కాచి తెచ్చింది. నోట్‌బుక్ తెరిచి కొత్త పేజీలో గళ్లు కొట్టలేదు. పైన తేదీ మాత్రం వేసింది. స్టూలును గోడకూ మంచానికీ మధ్య ఇరికించి, లేవాలన్నా వెంటనే లేవలేని చోట కూర్చుంది.

“దగ్గు,” అంది. “నేను లేవను. ఎంతసేపైనా దగ్గు.”

మొదటి చెంచా బాగానే దిగింది. రెండోది కూడా. మూడో చెంచాకు కణత మీద నరం ఎగిరింది. పెదవులు అలవాటు చొప్పున బిగుసుకోబోయాయి. అతను కళ్లు తెరిచి ఆమెను చూశాడు. ఆమె కుడిచేత్తో స్టూలు అంచు పట్టుకుని ఉంది. అప్పుడు అతను నోరు తెరిచాడు.

వచ్చిన దగ్గు దుర్గయ్యది కంటే తక్కువేమీ కాదు. ముఖమంతా ఎర్రబడింది, కొత్త చెంప మాత్రం ఎర్రబడలేదు. జావ తుంపరలు యూనీస్ గడ్డం మీద, మెడలో పడ్డాయి. మూడో మంచం మనిషి లేచి కూర్చున్నాడు. రెండోసారి, మూడోసారి. ఆమె అరికాళ్లు నేల మీది నుంచి వాటంతట అవే లేస్తున్నాయి, మడమలను నొక్కి పెట్టింది. నాలుగోసారి దగ్గాక అతను ఊపిరి పీల్చి, గడ్డం ఆనించి, మళ్లీ మింగాడు.

“ఆ అను,” అంది ఆమె. గొంతు పొడిగా, శుభ్రంగా పలికింది. ఆమె తన గడ్డం మీది జావను అప్పుడు తుడుచుకుంది, నాలుగో చెంచా ముంచింది.

నోట్‌బుక్‌లో రాసింది: ఐదు చెంచాలు. దగ్గు రెండు చెంచాలకు. రెండుసార్లూ గొంతు సాఫ్ అయింది.

రాసి, పెన్ను మూత పెడుతుండగా పక్క మంచం మీదికి చూపు పోయింది. అక్కడ ఇప్పుడు వేరే మనిషి ఉన్నాడు. గోడ మీద సమ్మక్క కాగితం అంటించిన అన్నం మెతుకులు ఎండిపోయి ఇంకా అలాగే ఉన్నాయి. ఈ నాలుగు రోజులూ తన గోడులో తానుండి ఆ మాటే తట్టలేదు ఆమెకు. కళ్లు మూసుకుని, పెదవులు బిగించి, మంచం అంచు పట్టుకుని. ఆయనకు అదంతా చెప్పింది ఎవరు?

తల్లి మాబెల్ పదకొండింటికి రాగానే ప్రేమ్‌రాజ్‌ను అప్పగించి, యూనీస్ ఆటో కోసం చూడకుండా ఉస్మాన్‌గంజ్‌కు నడిచింది. దవాఖాన పుస్తకంలో దుర్గయ్య అడ్రసు ఉస్మాన్‌గంజ్ అని మాత్రమే ఉంది. గోదాముల వరసలో బెల్లం వాసన, ఈగలు, తడిసిన గోనెలు. నాలుగు చోట్ల అడిగితే ఐదో చోట ఆయన గోదాము దొరికింది. ముందర బల్ల మీద కూర్చుని లెక్కలు రాస్తున్న మునీమ్ అంజయ్య, దుర్గయ్య పేరు వినగానే కళ్లద్దాలు పైకి జరిపాడు.

“ఆయన యాడున్నడమ్మా. మంగళారం నాడే అర్ర ఖాళీ చేసిన్రు. మూటలు మోసుడు ఇంగ నాతోని గాదన్నడు. రైలెక్కి జమ్మికుంట దిక్కు పోయిన్రు.”

“ఊరు పేరు ఏంది?”

“నాకేం ఎరుక? జమ్మికుంటల దిగి ఇంకో బస్సెక్కాలంటరు. అందరం దుర్గయ్యా అనుడే గని, ఊరు ఎవరడిగిన్రు?”

పోయేనాడు ఎట్లున్నాడని అడిగింది. మంచిగనే ఉన్నాడని, ఇక్కడే కూర్చుని చిక్కటి జొన్న గట్క తిన్నాడని, ఇన్నేళ్లు ఆయన దగ్గుకు పావురాలు లేచిపోయేవి, ఆ రోజు మాత్రం కిక్కుమనలేదని అంజయ్య మెచ్చుకుంటూ చెప్పాడు. యూనీస్ నోట్‌బుక్‌లోంచి కాగితం చించి, దగ్గు ఆపుకోవద్దని దుర్గయ్యకు ఉత్తరం రాసింది. ఎవరైనా ఆ దిక్కు పోయే హమాలీ ఉంటే ఇవ్వమంది. అంజయ్య దాన్ని బిల్లుల కింద పెట్టాడు. అది అక్కడి నుంచి కదిలిందో లేదో తెలియదు. సమ్మక్కకు చదువు రాదు కూడా.

అందుకే ఇది చదువుతున్న మీకు చెప్పడం. జమ్మికుంటలో దిగి ఇంకో బస్సు ఎక్కే ఊళ్లలో మీరెవరైనా ఉంటే, మీకు అక్కడ చుట్టాలెవరైనా ఉంటే, దుర్గయ్య అనే మనిషి కోసం అడగండి. పొడుగాటి మనిషి, యాభై దాటాయి, భుజాలు మూటలు మోసి ఒకవైపు ఒరిగి ఉంటాయి. కుడి చెంప మిగతా ముఖం కంటే ఒక చాయ తెల్లగా ఉంటుంది. బాగున్నారా అంటే బాగున్నాననే అంటాడు, ఆ మాట నమ్మి వెనక్కి రాకండి. అన్నం వేళ దాకా కూర్చోండి. నాలుగు ముద్దలు మింగాక ఆ అనమని, మెడ దగ్గర చెవి పెట్టి వినండి. గొంతులో నీళ్లున్నట్టు పలికితే, ఎవరికీ సిగ్గుపడకుండా దగ్గమని చెప్పండి, ఆ వారమే దవాఖానకు తీసుకురండి. సమ్మక్కను ఏమీ అనకండి. వెళ్లి ఒకసారి ఆయన్ను చూసి రండి.